ఉప్పునీటి పూల్‌లో పీహెచ్ దించడానికి ఏ యాసిడ్: ద్రవమా, పొడా?

ఉప్పునీటి స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ ఉండదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది. లీటరుకు 3 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉప్పున్న నీటిని సెల్ (క్లోరిన్ తయారుచేసే పరికరం) పలకల మధ్య కరెంటు విడగొట్టి, అక్కడికక్కడే క్లోరిన్ తయారుచేస్తుంది. దాంతో పాటు పుట్టే హైడ్రోజన్ బుడగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపేస్తాయి. అందుకే పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార గుణాన్ని చూపే కొలత, మాటిమాటికీ 7.8 దాటుతుంటుంది. అలా పెరిగినప్పుడు, హైదరాబాద్ బోరునీళ్లలాంటి కఠిన జలమైతే సెల్ పలకల మీద సున్నంలాంటి తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది. కాబట్టి యాసిడ్ తప్పదు.

ద్రవమంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. చవక. నీటిలో మిగిల్చేది క్లోరైడే, అది ఉప్పులో ఎలాగూ ఉంది. ఇబ్బందంతా వాడకంలోనే. మూత తీయగానే ఘాటైన ఆవిరి ముక్కుకు తగులుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాతే యాసిడ్. తిరగేస్తే మీదికి చిమ్ముతుంది! క్లోరిన్ డబ్బాల పక్కన అసలు పెట్టకండి, రెండూ కలిస్తే విషవాయువే.

పొడి, అంటే సోడియం బైసల్ఫేట్, ఆవిర్లు చిమ్మదు, దాచుకోవడం తేలిక. కానీ వేసిన ప్రతిసారీ సల్ఫేట్ పెరుగుతుంది. కొంత నీరు తీసేసి కొత్త నీరు నింపితే తప్ప తగ్గదు. ఎక్కువైతే సిమెంటు ప్లాస్టర్‌కూ, సెల్ పలకల పూతకూ చేటు.

మామూలు పూల్‌లో అప్పుడప్పుడు పొడి వాడినా ఫర్వాలేదు. ఉప్పునీటి పూల్‌కు మాత్రం నేను ద్రవమే వాడమంటాను.