లాఖ్ గర్, ఇనిష్ కెల్ట్రా: ఒక్క రోజే ఉంటే ఏ సరస్సుకు వెళ్లాలి?

ఐర్లండ్‌లో చదువుకో ఉద్యోగానికో వచ్చి ఉంటున్న తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ముందుగా వారిని మోహర్ కొండచరియలకు తీసుకెళ్తాయి. అవి చూడవలసినవే. కానీ ఈ దేశపు పల్లె బతుకు ఎంత పాతదో తెలియాలంటే సరస్సుల ఒడ్డుకు వెళ్లాలి. లిమరిక్ నగరం నుంచి కారులో గంటలోపే అలాంటివి రెండు ఉన్నాయి. దక్షిణంగా వెళ్తే బ్రఫ్ ఊరి దగ్గర లాఖ్ గర్. ఈశాన్యంగా వెళ్తే షానన్ నది మీద లాఖ్ డెర్గ్ అనే సరస్సు, దాని పడమటి ఒడ్డున క్లేర్ కౌంటీకి చెందిన మౌంట్‌షానన్ గ్రామం, గ్రామానికి ఎదురుగా నీళ్ల నడుమ ఇనిష్ కెల్ట్రా అనే పవిత్ర ద్వీపం.

మొదటిసారి వెళ్లేవారికి లాఖ్ గర్ మేలు. ఎందుకో చెబుతాను.

లాఖ్ గర్ చిన్న సరస్సు, గుర్రపు నాడా ఆకారంలో నాక్‌అడూన్ కొండను చుట్టుకుని ఉంటుంది. ఇక్కడ బయటపడ్డవి ఎక్కువగా మామూలు మనుషుల ఇళ్లు. నన్ను ఆకట్టుకున్నది అదే. 1936లో మొదలుపెట్టి పురావస్తు శాస్త్రవేత్త షాన్ ఓ రీర్దాన్ ఏళ్ల తరబడి ఈ కొండ మీద తవ్వకాలు జరిపారు. నవీన శిలాయుగపు రైతుల ఇళ్ల పునాదులు, పొయ్యిలు, కుండ పెంకులు, రాతి గొడ్డళ్లు, వాళ్లు పెంచి తిన్న పశువుల ఎముకలు దొరికాయి. ఆ తరువాతి కాలపు మనుషులు అదే కొండ మీద మట్టి అచ్చుల్లో కంచు ఆయుధాలు పోత పోశారు. ఇంకా తరువాత పక్కనే కారిగ్ ఆలియా గుట్ట మీద రాతి కోటగోడల మధ్య కాపురాలు వెలిశాయి. 16వ శతాబ్దంలో బూర్షియర్ కోట లేచింది. ఇప్పుడు చుట్టూ పాడి రైతుల పొలాలున్నాయి. 5,000 ఏళ్లకు పైగా మనుషులు వదిలిపెట్టకుండా బతికిన చోటు ఇది. రాజుల చరిత్ర చదివి అలసిపోయినవారికి ఈ పొయ్యిల చరిత్ర ఎంతో హాయినిస్తుంది.

19వ శతాబ్దంలో కాలువలు తవ్వి సరస్సు నీటిమట్టం తగ్గించినప్పుడు, బయటపడ్డ ఒడ్డు మీద ఎముకలు, పనిముట్లు కుప్పలుగా తేలాయి. వాటిలో చాలా భాగం సేకర్తల చేతుల్లో పడి ఎక్కడెక్కడికో చెదిరిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కంచుతో చేసిన గుండ్రటి డాలు మాత్రం డబ్లిన్ జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉంది. దాన్ని చూసి వచ్చినవారికి లాఖ్ గర్ నీళ్లు మరోలా కనిపిస్తాయి.

సరస్సుకు కొద్ది దూరంలో, రోడ్డు పక్కనే గ్రేంజ్ రాతి వలయం ఉంది. 113 రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి, వెనక మట్టికట్ట. అన్నిటికంటే పెద్ద రాయి 4 మీటర్లకు పైగా ఎత్తు, దాన్ని స్థానికులు పాత దేవుడు క్రోం దూవ్ పేరుతో పిలుస్తారు. వలయం ఉన్నది ఒక రైతు పొలంలో. పశువులు మేస్తుంటాయి, గేటు వేయడం మరిచిపోవద్దు.

కథలు కూడా లాఖ్ గర్‌కే ఎక్కువ. సరస్సు ఆన్య అనే దేవతది. 14వ శతాబ్దపు డెస్మండ్ ప్రభువు, ఐరిష్ భాషలో కవిత్వం రాసిన గరోడ్ ఈర్లా, ఆమె కొడుకేనని జనం నమ్మకం. ఆయన చనిపోలేదని, నీటి అడుగున నిద్రిస్తూ ఏడేళ్లకొకసారి వెండి నాడాల గుర్రం మీద పైకి వస్తాడని, ఆ నాడాలు అరిగిపోయిన నాడు విముక్తుడవుతాడని చెప్పుకుంటారు. దగ్గరలోని నాక్‌ఐనీ కొండ ఆన్య పేరు మీదే ఉంది. 19వ శతాబ్దం దాకా సెయింట్ జాన్ పండుగ ముందు రాత్రి ఊరివాళ్లు మండే గడ్డి దివిటీలు పట్టుకుని ఆ కొండ ఎక్కేవారు, తరువాత పంటలు, పశువులు బాగుండాలని పొలాల్లోకి వాటిని తీసుకెళ్లేవారు.

లోపాలూ ఉన్నాయి. కొన్ని వేసవుల్లో నీటిలో విషపు నాచు పెరుగుతుంది, అప్పుడు పిల్లల్ని, కుక్కల్ని నీటి దగ్గరకు పోనివ్వకూడదు. కోటను బయటి నుంచే చూడాలి.

ఇక ఇనిష్ కెల్ట్రా. అందం ఒక్కటే కొలమానమైతే గెలుపు దీనిదే, అందులో నాకు సందేహం లేదు. సుమారు 50 ఎకరాల పచ్చటి ద్వీపం, మధ్యలో పైకప్పు లేని గుండ్రటి రాతి బురుజు, చుట్టూ శిథిల చర్చిలు. 7వ శతాబ్దంలో సెయింట్ కామిన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన క్రైస్తవ మఠం ఇది. వైకింగులు 9, 10 శతాబ్దాల్లో దోచుకున్నారు. తరువాత బ్రయన్ బోరు రాజు అన్న మార్కాన్ ఇక్కడ మఠాధిపతి అయ్యాడు. ప్రార్థన కోరుతూ పేర్లు చెక్కిన సమాధి ఫలకాలు గడ్డిలో పరుచుకుని ఉంటాయి. మధ్యలో చిల్లు ఉన్న ఒక రాయి ఉంది, అటొకరు ఇటొకరు చేతులు కలిపి బేరాలు, పెళ్లి మాటలు ఖాయం చేసుకునేవారట.

అయితే పడవ ఎక్కాలి. పడవలు సాధారణంగా వేసవి నెలల్లోనే నడుస్తాయి, గాలి ఎక్కువైతే అప్పుడూ ఆగిపోతాయి. దిగాక ఎగుడుదిగుడు గడ్డినేల. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టమే. అంతకంటే పెద్ద మాట మరొకటుంది: అది ఇప్పటికీ శ్మశానం. చుట్టుపక్కల కుటుంబాలు తమవారిని పడవలో తీసుకెళ్లి అక్కడే ఖననం చేస్తాయి. అలాంటి నేల మీదికి జనం గుంపులుగా వెళ్లకుండా ఆ నీళ్లు అడ్డుగా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. క్లేర్ కౌంటీ కౌన్సిల్ 2015లో ద్వీపంలో చాలా భాగం కొని, గ్రామంలోని పాత రెక్టరీ (చర్చి ఫాదర్ ఉండే ఇల్లు) భవనాన్ని సందర్శకుల కోసం తీర్చిదిద్దింది. ద్వీపంలో కొత్త కట్టడాలు లేపకుండా వసతులను ఒడ్డునే పెట్టడం సరైన పని.

మౌంట్‌షానన్ గ్రామం మాత్రం ద్వీపమంత పాతది కాదు. 18వ శతాబ్దంలో అలెగ్జాండర్ వుడ్స్ అనే లిమరిక్ లినెన్ వ్యాపారి నేతపనివారి కోసం కట్టించిన వరుస వీధి అది. పిల్లలున్నవారికి ఇంకో ఆకర్షణ ఉంది. ఐర్లండ్‌లో వందేళ్లకు పైగా కనుమరుగైన తెల్లతోక గద్దలను నార్వే నుంచి తెచ్చి 2007 నుంచి వదిలారు. 2012లో ఒక జంట ఇక్కడే గూడు కట్టింది, 2013లో పిల్లలు ఎగిరాయి. రేవు దగ్గర బైనాక్యులర్‌తో కాసేపు నిలబడితే చాలు, టికెట్ అక్కర్లేదు.

కాబట్టి అక్టోబరు నుంచి మార్చి వరకు ఎంపికే లేదు, లాఖ్ గర్‌కే వెళ్లండి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే ఏ నెలలోనైనా అదే. జూన్, జూలైలలో గాలి తగ్గిన రోజు దొరికి, లాఖ్ గర్ ముందే చూసి ఉంటే, ద్వీపానికి బయల్దేరండి. ముందురోజే పడవ మనిషికి ఫోన్ చేయండి. సాయంత్రం తిరుగు దారిలో సరస్సు దక్షిణపు కొసన ఉన్న కిల్లలూ దగ్గర ఆగండి, బ్రయన్ బోరు కోట ఉండేది ఆ ఊళ్లోనే.