పడవ దిక్సూచికి ఏ ద్రవం: ఆల్కహాలు మిశ్రమమా, మినరల్ స్పిరిటా?

దిక్సూచి గిన్నెలో గాలిబుడగ కనిపించిందంటే ద్రవం కొంత కారిపోయిందని అర్థం. తిరిగి నింపడానికి పాత దిక్సూచుల్లో వాడిన ఆల్కహాలు, నీటి మిశ్రమం ఒక మార్గం; నేటి దిక్సూచుల్లో ఎక్కువగా ఉండే వాసన లేని మినరల్ స్పిరిట్ (పెట్రోలియం నుంచి తీసే పలుచని ద్రావకం, ఆల్కహాలు కాదు) రెండవది.

ఆల్కహాలు కలిసిన నీరు చలికి త్వరగా గడ్డకట్టదు, కానీ గిన్నెపై ఉండే ఆక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) గోపురానికి సన్నని పగుళ్లు తెప్పించగలదు. మినరల్ స్పిరిట్ ఆ గోపురానికి హాని చేయదు, లోహ భాగాలను తుప్పు పట్టనివ్వదు. అయినా అన్ని దిక్సూచులకూ అదే మేలని చెప్పలేము. మిశ్రమం సాంద్రత నీటికి కొంచెమే తక్కువ కాగా, స్పిరిట్ సాంద్రత నీటిలో సుమారు 0.77 వంతు మాత్రమే. అందువల్ల మిశ్రమానికి తగినట్లు తయారైన తేలుడు బిళ్ల (దిక్కుల అంకెలుండి ద్రవంలో తిరిగే పళ్లెం) స్పిరిట్‌లో బరువెక్కి, కింది సూదిమొనపై ఎక్కువగా ఆని, బద్ధకంగా తిరుగుతుంది. పాత రంగులు కరిగే ప్రమాదమూ ఉంది.

కాబట్టి లోపల ఏముందో ముందు తెలుసుకోవాలి. ఒక చుక్క తీసి గాజు గ్లాసులోని నీటిలో వేస్తే, ఆల్కహాలు మిశ్రమమైతే కలిసిపోతుంది, స్పిరిట్ అయితే పైన నూనెలా తేలుతుంది. ఉన్న రకాన్నే కొనసాగించడం నా దృష్టిలో సరైన పని; రెండూ కలిపితే ద్రవం మసకబారి అంకెలు కనిపించవు. ఇక వేడికి, చలికి ద్రవం వ్యాకోచ సంకోచాలను సర్దుకునే గిన్నెలోని రబ్బరు పొర చీలి ఉంటే, దానిని మార్చనిదే ఏ ద్రవమూ నిలవదు.