వీసా గడువు, డ్రైవింగ్ లైసెన్స్: టెక్సాస్, కాలిఫోర్నియా

టెక్సాస్‌లో చట్టబద్ధ నివాసం రుజువు కాకపోతే లైసెన్స్ రాదు. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్ల లైసెన్స్ బస గడువుతోనే ముగుస్తుంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లలా బసకు గడువు తేదీ లేకపోతే ఏడాదికే ఇస్తారు.

మనవాళ్లు తరచూ దెబ్బతినేది ఐ-94 దగ్గర, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే పత్రం దగ్గర. పాస్‌పోర్ట్ ముందే ముగుస్తుంటే విమానాశ్రయంలో ఐ-94ను ఆ తేదీకే కుదించవచ్చు. దిగిన రోజే సరిచూసుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో పేర్లు సరిపోలక, లైసెన్స్ కోసం చేసే వలస హోదా తనిఖీ ఆగిపోవడమూ ఉంది.

కాలిఫోర్నియాలోనూ రియల్ ఐడీకి (విమానాశ్రయాల్లోనూ గుర్తింపుగా చెల్లే లైసెన్స్‌కి) గడువు తిప్పలు ఇవే. అయితే 2015 జనవరి నుంచి ఏబీ 60 చట్టం కింద వలస హోదా రుజువు లేకున్నా, గుర్తింపు, చిరునామా చూపి పరీక్షలు పాసైతే లైసెన్స్ వస్తుంది. ఆ లైసెన్స్ విమానాశ్రయ తనిఖీలో గుర్తింపుగా చెల్లదు, పాస్‌పోర్ట్ లాంటిది కావాలి. కుటుంబం కారు మీదే ఆధారపడ్డప్పుడు కాలిఫోర్నియా పద్ధతే మానవీయం.