పాలపొడి లేదు, చక్కెర లేదు అని అమ్ముతున్న రాగి మాల్ట్... పిల్లలున్నవాళ్లు కొనేముందు ఇది చదవండి

ఇది అమ్మే ఆవిడతో ఇవాళ పొద్దున ఫోన్‌లో గొడవ అయింది. మాట మధ్యలో ఆవిడే కట్ చేసి, నన్ను బ్లాక్ కూడా చేసింది. ఇంకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి.

పేరు రాయను. రీల్స్‌లో తిరగలి ముందు కూర్చుని "మా అమ్మమ్మ పద్ధతి" అంటూ మొలకలొచ్చిన రాగులు చూపిస్తుందే, ఆవిడ. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఉండే తల్లులకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

మా వాడికి మూడేళ్లు. ఇడ్లీ చూస్తే మూతి తిప్పేస్తాడు. దోశలో కరకరలాడే అంచు తిని మిగతాది వదిలేస్తాడు. పప్పన్నంలో పాలకూర కనిపిస్తే ఒక్కో రెబ్బా ఏరి నా కంచంలో పెడతాడు. అన్నిటికీ మించి వాడికి పాలు పడవు. పాలు, పెరుగు ఏది తగిలినా ఒళ్లంతా దద్దుర్లే. మరి కాల్షియం ఎలా అంటే డాక్టరుగారు రాగులు బాగా పెట్టమన్నారు. తార్నాకలోని ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని ఉంది, బియ్యంలో దాంట్లో పిసరంత కూడా ఉండదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి మర పట్టించే తీరిక ఇద్దరం ఉద్యోగాలు చేసే ఇంట్లో ఎక్కడిది? అందుకే ఆర్డర్ పెట్టాను.

పెట్టేముందు అడిగాను. ఈ ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి. "అక్కా, ఇందులో పాలపొడి ఏమైనా కలుపుతారా? మా బాబుకి పాలు పడవు, ఒంటి మీదకి వచ్చేస్తుంది" అని విడమర్చి మెసేజ్ పెట్టాను. వాయిస్ మెసేజ్ వచ్చింది. "అయ్యో తల్లీ, పాలపొడి ఊసే లేదు. చక్కెర కూడా వేయను. మా మనవడికి కూడా ఇదే పెడతాను, నువ్వు ఏ టెన్షనూ పెట్టుకోకు." ఎంత ప్రేమగా చెప్పిందంటే, వెంటనే 520 రూపాయలు ఫోన్‌పే చేసేశాను. ఆవిడ సొంత నంబరుకే. బిల్లూ లేదు, రసీదూ లేదు. ఆఫీసులో పది రూపాయల ఖర్చుకి కూడా మూడు సంతకాలు అడిగే మనిషిని, ఇక్కడ మాత్రం "తల్లీ" అనగానే కరిగిపోయాను.

మా వాడు తాగాడు. తాగడమేంటి, గ్లాసు నాకేశాడు. "అమ్మా, ఇంకా" అన్నాడు. వాడి నోట తిండి విషయంలో "ఇంకా" అన్న మాట విని నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మా అమ్మకి వీడియో కాల్ చేసి మరీ చూపించాను. అంత తియ్యగా ఎందుకుందో ఒక్క చెంచా నోట్లో వేసుకుని చూసుంటే సరిపోయేది. మొలకెత్తిన రాగులు కదా, తియ్యగానే ఉంటాయిలే అనుకున్నాను.

తర్వాత మూతి చుట్టూ ఎర్రగా లేచింది, ఆ పైన మెడ మీద, వీపు మీద. మొదట చెమటకాయలు అనుకున్నాం. రాత్రంతా గోక్కుంటూ ఏడుస్తుంటే డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్లాం. "పాల పదార్థం ఏమైనా పెట్టారా?" అని ఆయన అడిగితే "లేదండీ, ఖచ్చితంగా లేదు" అని నేనే చెప్పాను. సిరప్ రాసిచ్చి, వాడు తినేవన్నీ ఒక్కోటి చూసుకోమన్నారు.

ఇవాళ పొద్దున మళ్లీ అదే జావ కాస్తున్నా. అప్పటికీ దాని మీద అనుమానం రాలేదు! ప్యాకెట్టు పొయ్యి పక్కనే పెట్టాను. ఆవిరి తగిలి దాని మీద తిరగలి బొమ్మ ఉన్న స్టిక్కర్ ఒక మూల పైకి లేచింది. లేచిన చోట ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. గోటితో లాగితే మొత్తం ఊడొచ్చింది. కింద ఇంకో కంపెనీ కవరు. వరసగా రాసి ఉంది: చక్కెర, రాగి పిండి, మాల్టోడెక్స్‌ట్రిన్, పాలపొడి, ఏలకుల ఫ్లేవర్. మన దేశంలో రూలు ప్రకారం బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి. అంటే నేను కొన్నది రాగులు కలిపిన చక్కెర. దాని కిందే బోల్డు అక్షరాల్లో "ఇందులో పాల పదార్థాలు ఉన్నాయి" అన్న హెచ్చరిక. ఆ కంపెనీవాళ్లు బుద్ధిగా అచ్చువేసిన ఆ ఒక్క వాక్యాన్ని ఈవిడ పనిగట్టుకుని అమ్మమ్మ స్టిక్కర్‌తో మూసేసింది. ఎమ్మార్పీ 145 రూపాయలట. తిరగలి తిప్పిన కూలీ అన్నమాట మిగతాది.

వెంటనే ఫోన్ చేశాను. అరవలేదు, నిజం. "అక్కా, స్టిక్కర్ కింద ఇంకో లేబుల్ ఉంది, అందులో పాలపొడి అని ఉంది, మా బాబుకి ఒళ్లంతా వచ్చేసింది" అన్నాను. పిల్లాడికి ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. "బాబు తాగాడా లేదా?" అంది. తాగాడు అన్నాను. "తాగాడుగా, ఇంకేంటి మరి?" అంది. నాకు నోట మాట రాలేదు. పాలు పడవని ముందే చెప్పాను కదక్కా అంటే, "పిల్లాడికి వండిపెట్టే తీరిక లేదు గానీ, లేబుళ్లు పీకే తీరిక ఉందా నీకు? అంత జాగ్రత్త ఉన్నదానివి ఇంట్లోనే చేసుకోవాల్సింది" అంది. ఆ తర్వాత ఫోన్ కట్.

డబ్బులు పోతే పోయాయి. దద్దుర్లు తగ్గుతున్నాయి. ఆ మాట మాత్రం పొద్దుటి నుంచి చెవిలోనే ఉంది. వండే తీరిక లేనివాళ్ల కోసమే కదా ఈవిడ వ్యాపారం! "బిజీ అమ్మల కోసం" అని ప్రతి రీల్ కిందా రాసుకుంటుంది. డబ్బులు తీసుకునేటప్పుడు నేను బిజీ అమ్మని, ప్రశ్న అడిగితే చేతకాని తల్లిని.

ఇంకో ఘోరం ఏంటంటే, ఇదే పొడిని "6 నెలల నుంచి ఉగ్గుగా పెట్టవచ్చు" అని కూడా అమ్ముతోంది. రెండేళ్లలోపు పిల్లలకి విడిగా చక్కెర కలిపినవి పెట్టొద్దని ఎన్‌ఐఎన్ 2024 మార్గదర్శకాల్లో ఉంది. ఎంతమంది పసిపిల్లలకి ఇది పోస్తున్నారో తలుచుకుంటేనే భయంగా ఉంది. ఇక మా ఇంట్లో సంగతి, మధ్యాహ్నం మామూలు రాగి జావ కాసిస్తే వాడు ఒక్క గుక్క నోట్లో పోసుకుని నా చీర మీదే ఉమ్మేశాడు. ఆ తీపి అలవాటు వదిలించడానికి ఎన్నాళ్లు పడుతుందో.

సరే, కొనేవాళ్లు చూసుకోవాల్సినవి. ఇంట్లో చేసి అమ్మేవాళ్లకి కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరులో 14 అంకెలుంటాయి. ఆవిడ స్టిక్కర్ మీద ఉన్నవి లెక్కపెడితే 13! ప్యాకెట్ మీది నంబరు ఆ సంస్థవాళ్ల ఫాస్కాస్ (FoSCoS) సైట్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. డబ్బులు పంపేముందే ప్యాకెట్ వెనక వైపు ఫొటో అడగండి. ఫిర్యాదుకి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను రెండు చోట్లా పెట్టేశాను.

ఇప్పటికే ఆవిడ దగ్గర కొనుంటే, పాలు పడని పిల్లలకి ఆ పొడి వెంటనే ఆపేయండి. ఖాళీ కవరు పారేయకండి, ఫిర్యాదుకి పనికొస్తుంది. ఆవిడ వాయిస్ మెసేజ్, స్టిక్కర్ పీకిన ప్యాకెట్ ఫొటోలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీ ఫిర్యాదుకి కావాలంటే అడగండి, పంపిస్తాను.