పాత బోటు డ్యాష్‌కి కొత్త ప్యానెల్, కొత్త లైట్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఎల్‌ఈడీ బల్బుల ప్యాకెట్ మీద “9 నుంచి 30 వోల్టులు” అని ఉంటే అదేదో గొప్ప సౌకర్యం అనుకుని కొన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఈ పని మొత్తంలో నాకు కోపం తెప్పించేది ఆ ఒక్క లైనే.

నాది 1998 నాటి 24 అడుగుల పెట్రోలు బోటు. హ్యూస్టన్ దగ్గర కీమాలో, ఏడాది పొడుగునా నీళ్ల మీదే, మరీనా అనే బోట్ల రేవులో, బోటు కట్టుకునే పైకప్పు లేని స్లిప్‌లో ఉంటుంది. 2020లో కొన్నప్పుడు ఇంజను బాగుంది, స్విచ్చులూ మీటర్లూ ఉండే డ్యాష్ మాత్రం చూడబుద్ధి కాలేదు. చెక్క రంగు ప్యానెల్ ఎండకు వెలిసిపోయి బూడిద పూసినట్టు ఉండేది. స్విచ్చుల కింద అక్షరాలు చెరిగిపోయాయి. ఏది బోటు అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు, ఏది బ్లోయరు అన్నది పాత యజమానికి అలవాటు మీద తెలుసు, నాకు తెలియదు. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పి ఇంజను గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి పంపాల్సిన బోటులో ఆ అక్షరాలు లేకపోవడం అందానికి సంబంధించిన విషయం కాదు. ఇక రాత్రయితే మీటర్లు ఉన్నాయా లేవా అన్నట్టు ఉండేవి.

2021 వసంతంలో రెండు పనులూ ఒకేసారి చేశాను. ప్యానెల్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దానితో నాకు పెద్ద పేచీ లేదు. పాతదాన్ని విప్పి, అదే కొలతకు పాలికార్బొనేట్ షీటు చేయించాను. అక్షరాలు షీటు వెనక వైపు అచ్చయి ఉంటాయి కాబట్టి వేళ్లు ఎన్నిసార్లు తగిలినా అరగవు. నాలుగు వేసవులు గడిచినా “బ్లోయర్” అన్న అక్షరాలు మొదటి రోజు లాగే ఉన్నాయి. అయితే నేను నలుపు రంగు తీసుకున్నాను. జులైలో మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టలేం, ఇప్పుడైతే లేత బూడిద రంగు అడుగుతాను. మూడో వేసవిలో కుడి వైపు కింది మూల లేచింది. అది షీటు తప్పు కాదు, పాత జిగురును ఆ మూల పూర్తిగా గీకకుండానే అతికించాను. తుడవడానికి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ మాత్రం వాడకండి, పాలికార్బొనేట్ మీద సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

ఇక లైట్లు. పాతవి 194 రకం చిన్న గాజు బల్బులు. నా బోటులో ఏడు మీటర్లకు తొమ్మిది ఉన్నాయి. వాటన్నిటినీ పీకి ఎల్‌ఈడీలు పెట్టిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మీటర్ల మీద అంకెలు పండగ దీపాల్లా వెలిగాయి. మరీనాలో పక్క స్లిప్పుల వాళ్లను పిలిచి చూపించాను, ముగ్గురి చేత అదే సెట్టు కొనిపించాను. ఇంకో మెరుగు కూడా కనిపించింది. పాత బల్బులున్నప్పుడు లైట్లు వేయగానే ఇంజను వేడిని చూపే ముల్లు కాస్త పైకి జరిగేది. ఎల్‌ఈడీలు పెట్టాక జరగడం మానేసింది. అదీ కొత్త బల్బుల పుణ్యమే అనుకున్నాను.

ఇబ్బంది మొదట డిమ్మర్ దగ్గర తెలిసింది. నాబ్ ఎంత తిప్పినా వెలుగు తగ్గదు, చివరికి వచ్చేసరికి టక్కున ఆరిపోతుంది. కీమా పక్కనున్న గాల్వెస్టన్ బే అనే అఖాతంలో రాత్రి పూట ఇది చిన్న విషయం కాదు. అక్కడ పాత చమురు బావుల గుంజలు నీళ్లలో అక్కడక్కడా నిలబడి ఉంటాయి, పీతల బోనులకు కట్టిన తేలే బుడగలు ఉంటాయి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును డ్యాష్ మీది తెల్లటి వెలుగు ఒక్క చూపుతో పోగొడుతుంది, పైగా ముందరి అద్దంలో ప్రతిబింబిస్తుంది. నేను కోటిపల్లి రేవులో పంటు ఎక్కి పెరిగినవాణ్ణి. రాత్రి గోదావరి మీద చుక్కాని పట్టినవాడు తన పక్కన దీపం పెట్టుకోడని చిన్నప్పుడే చూశాను. అయినా ఆ వెలుగు మీద మోజుతో ఏడాదిన్నర సర్దుకుపోయాను.

2022 అక్టోబరులో ఒక శనివారం రెడ్‌ఫిష్ ఐలాండ్‌కి రెండు బోట్లలో వెళ్లాం, మాదొకటి, మా స్నేహితుడిదొకటి. చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం. వాళ్లు మా వెనక అర మైలు దూరంలో ఉన్నారనుకుంటూ నేను ముందుకు పోతూనే ఉన్నాను. రేడియో అందరూ పిలుపుల కోసం వినే 16వ ఛానెల్ మీద ఉంది, నిశ్శబ్దంగా ఉంది. కాసేపటికి నా భార్య ఫోన్ మోగింది. “అక్కా, ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాం, రేడియో ఆపేశారా?” అని స్నేహితుడి భార్య. వాళ్ల ఇంజను వేడెక్కి ఆగిపోయింది. పెద్ద ఓడలు తిరిగే షిప్ ఛానెల్ అంచున కొట్టుకుపోతున్నారు, దూరంగా ఒక ట్యాంకర్ లైట్లు కనిపిస్తున్నాయి. బోటులో ఇద్దరు చిన్నపిల్లలు. నేను వెనక్కి తిప్పి వాళ్ల దగ్గరికి చేరి, తాడు కట్టి లాగేదాకా పడ్డ టెన్షన్ ఇప్పటికీ తల్చుకోలేను. ఆ చోట ఫోన్ సిగ్నల్ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే నేను కీమా వంతెన కిందికి వచ్చాక గానీ వెనక్కి చూసేవాణ్ణి కాదు.

యాంటెనా పాడైందనుకున్నాను. కొత్త యాంటెనా, కొత్త కేబులు వేయించాను. మర్నాడు పొద్దున పరీక్షిస్తే గంట కొట్టినట్టు వినిపించింది. మళ్లీ రాత్రి బయల్దేరితే మళ్లీ అదే నిశ్శబ్దం. థాంక్స్‌గివింగ్‌కి డాలస్ నుంచి మా బావమరిది వచ్చాడు, రేడియో పరికరాల పని చేస్తాడు. మొత్తం విని ఒకే మాటన్నాడు: “బావా, పగలు బాగుండి రాత్రి పాడవుతోందంటే లోపం రేడియోది కాదు. నువ్వు రాత్రి మాత్రమే వేసేది ఏమిటో చూడు.”

2018 ఆగస్టులోనే అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీద ఒక భద్రతా హెచ్చరిక ఇచ్చిందని తర్వాత తెలిసింది. కొన్ని ఎల్‌ఈడీ లైట్లు బోట్లు ఒకదాన్నొకటి పిలుచుకునే వీహెచ్ఎఫ్ రేడియో రిసెప్షన్‌నూ, ఓడలు తామెక్కడున్నాయో చెప్పుకునే ఏఐఎస్‌నూ దెబ్బ తీస్తున్నాయని అందులో ఉంది. ఎలా పరీక్షించుకోవాలో కూడా చెప్పారు. ఎల్‌ఈడీలన్నీ ఆర్పి, రేడియోను 13 లాంటి నిశ్శబ్దంగా ఉన్న ఛానెల్‌లో పెట్టాలి. గరగర వినిపించేదాకా స్క్వెల్చ్ (గరగరనూ, అందులో మునిగిన పిలుపులనూ స్పీకరుకు రాకుండా ఆపే నాబ్) తిప్పి, అది సరిగ్గా ఆగిన చోట వదిలేయాలి. అప్పుడు లైట్లు వేయాలి. నేను డ్యాష్ స్విచ్చు నొక్కగానే స్పీకరులో జల్లు కురిసినట్టు మోత మొదలైంది. ఆర్పితే ఆగింది. పదిసార్లు వేసి ఆర్పి చూశాను.

అప్పుడు ప్యాకెట్ మీది ఆ లైనుకు అర్థం తెలిసింది. ఏ వోల్టేజీ ఇచ్చినా ఒకేలా వెలగడానికి ఆ బల్బు లోపల ఒక చిన్న స్విచింగ్ సర్క్యూట్ ఉంది. అది సెకనుకు లక్షల సార్లు కరెంటును వేస్తూ ఆపుతూ ఉంటుంది, ఆ పనిలో రేడియో తరంగాల రణగొణ పుట్టిస్తుంది. నా రేడియో సరిగ్గా ఆ మీటర్ల వెనకే ఉంది. డిమ్మర్ పని చేయకపోవడానికీ కారణం ఆ సర్క్యూటే, వోల్టేజీ తగ్గించినా అది వెలుగును తగ్గనివ్వదు. లోపల ఉత్త రెసిస్టర్ మాత్రమే ఉండే మామూలు 12 వోల్టుల ఎల్‌ఈడీలు ఈ మోత చేయవు. నా మాట విని కొన్న ముగ్గురికీ ఫోన్ చేసి ఆ పరీక్ష చేసుకోమన్నాను.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. పాత గాజు బల్బులు మళ్లీ పెట్టి, వోల్ట్‌మీటరు పట్టుకుని డ్యాష్ వెనక దూరాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే చివరి బల్బు దగ్గర 9.9. ఎర్త్ వైరు ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకు గొలుసులా వెళ్తోంది, ప్రతి అతుకు దగ్గరా పచ్చగా చిలుము. గాజు బల్బుకు వోల్టేజీ 20 శాతం తగ్గితే వెలుగు సగానికి పైగా పడిపోతుంది. అంటే బల్బులు ముసలివి కావు, వాటికి తిండి అందలేదు. తొమ్మిది బల్బులూ కలిపి రెండున్నర ఆంపియర్ల దాకా తీసుకుంటాయి, ఆ కరెంటంతా చిలుము పట్టిన అతుకుల మీదుగా పోవాలి. ఎల్‌ఈడీలు అందులో చిన్న భాగమే తీసుకుంటాయి కాబట్టి ఆ లోపం కనబడకుండా పోయింది. లైట్లు వేస్తే వేడి ముల్లు జరగడం కూడా ఈ ఎర్త్ వల్లే. బోటు ఏడాది పాటు నాకు చెప్పిన విషయం అది, నేను బల్బులు మార్చి దాన్ని వినపడకుండా చేశాను.

గొలుసు తీసేసి, ఎర్త్ వైర్లన్నీ ఒకచోట కలిపే లోహపు పట్టీ, అంటే ఒక బస్‌బార్ పెట్టి, ప్రతి మీటరుకూ తగరం పూత ఉన్న రాగి వైరుతో విడివిడిగా ఎర్త్ ఇచ్చాను. ఒక ఆదివారం పని, 60 డాలర్ల లోపు ఖర్చు. బల్బుల మీది ఆకుపచ్చ రబ్బరు టోపీలు పెళుసై విరిగిపోతుంటే కొత్తవి వేశాను. ఇప్పుడు నాబ్ తిప్పితే ఆ పచ్చటి వెలుగు బొగ్గు కణికంత మసకగా తగ్గుతుంది, అంకెలు మాత్రం కనిపిస్తాయి, అద్దం అవతల నీళ్లూ కనిపిస్తాయి. రాత్రి చుక్కాని దగ్గర కూర్చుంటే నాకు ఇంతకన్నా ఇష్టమైన వెలుగు లేదు. గాజు బల్బుల వేడికి మీటర్ల లోపల చెమ్మ పట్టడం కూడా నా బోటులో తగ్గింది.

ఎల్‌ఈడీ వద్దని అందరికీ చెప్పను. చిన్న చెరువులో, పగటి పూట, వీహెచ్ఎఫ్ లేకుండా తిరిగేవాళ్లకు ఆ సెట్టు సరిపోవచ్చు. బ్యాటరీ చిన్నదైతే, లంగరేసి రాత్రంతా ఉండేవాళ్లయితే రెసిస్టర్ రకం చూడండి. నాకు ఒకటే బ్యాటరీ కాదు, రాత్రి ప్రయాణాలు ఎక్కువ, షిప్ ఛానెల్ పక్కనే. అందుకని ఇలా తేలింది. ప్యానెల్ మాత్రం మళ్లీ చేయించుకుంటాను, బూడిద రంగులో. ఈ చలికాలం లేచిన మూలను విప్పి పాత జిగురు గీకే పని ఇంకా మిగిలి ఉంది.