బోర్డుకి ఏ అక్షరం మేలు: లావు-సన్నం ఉన్నదా, అంతా ఒకే మందం ఉన్నదా?

ఈ మధ్య షాపు బోర్డు చేయించుకోవడానికి వచ్చే ప్రతి ఇద్దరిలో ఒకరు ఫోన్‌లో ఏదో ఖరీదైన సెంటు డబ్బానో, నగల షాపు లోగోనో చూపిస్తున్నారు. "అన్నా, ఇట్లాంటి అక్షరాలే కావాల" అంటారు. కాళ్లు (గీతల చివర ఉండే చిన్న అడ్డగీతలు, సెరిఫ్‌లంటారు) లేని ఇంగ్లీషు అక్షరాలు, నిలువు గీత లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం. మొన్న మా చెల్లెలు తిరుచానూరు రోడ్డులో చీరల షాపు పెడుతూ ఇదే అడిగింది. ఇంట్లో పని కాబట్టి ఇంకాస్త తీరిగ్గా ఆలోచించాను.

ఈ కోవలో నాకు బాగా నచ్చేది ఆప్టిమా అనే ఫాంట్. దాన్ని గీసిన జర్మనీ అక్షర శిల్పి హెర్మన్ జాఫ్ 1950లో ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు, శాంటా క్రోచే చర్చి నేల మీద సమాధి రాళ్లపై చెక్కిన అక్షరాలు చూశాడు. చేతిలో కాగితం లేక వెయ్యి లీరాల నోటు మీదే నమూనా గీసుకున్నాడు. అది 1958లో అచ్చుకి వచ్చింది. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు, 58 వేలకు పైగా, నల్లరాతి గోడ మీద ఉన్నది ఈ అక్షరాల్లోనే. రాతి మీద పుట్టిన అక్షరం మళ్లీ రాతి మీదికే చేరింది. అందులో లావు-సన్నం తేడా ఉంది కానీ మితంగా ఉంది. దాని బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

అంతా ఒకే మందం ఉండే అక్షరం సంగతి అందరికీ తెలిసిందే. ఎక్కడ పెట్టినా చదవచ్చు, ఎవరు కట్ చేసినా చెడదు. కానీ పట్టుచీరల షాపుకీ మందుల షాపుకీ దాంతో తేడా కనబడదు. కాళ్లున్న బొడోనీ లాంటి ఫాంట్లు పెళ్లికార్డుకి సరే. 1937 నాటి పెన్యో అనే ఫాంట్ చూడముచ్చటగా ఉంటుంది, అయితే చిన్నబడి (స్మాల్) అక్షరాల మధ్య పెద్దబడి (క్యాపిటల్) రూపాలు కలవడంతో మనవాళ్లు తడబడతారు.

నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: ఆ అక్షరంలో అన్నిటికన్నా సన్నగా ఉన్న గీత ఎంత? రెండేళ్ల కిందట ఒక బోర్డుకి ఈ సంగతి చూసుకోకుండా ఒప్పుకున్నాను. అడుగు ఎత్తు అక్షరంలో లావు గీత రెండంగుళాలు, సన్న గీత పావంగుళం వచ్చింది. లోపల ఎల్‌ఈడీ పెట్టే రకం బోర్డు అది. పావంగుళంలో ఎల్‌ఈడీ ముక్క పట్టదు. పగలు కళకళలాడింది. రాత్రి స్విచ్ వేస్తే లావు గీతలే వెలిగాయి. H రెండు స్తంభాలైంది, E కాస్తా I అయింది. ఆ పేరు ఎవరూ చదవలేకపోయారు. ఆ షాపాయనకి నా ఖర్చుతో మార్చి ఇచ్చాను, బాధ మాత్రం పోలేదు.

తెలుగుకి వచ్చేసరికి చిక్కు ఇంకాస్త ఎక్కువ. మన అక్షరాలకి ఇంగ్లీషు అక్షరాల్లాంటి కాళ్లు ఎటూ లేవు, కాబట్టి లావు-సన్నం తేడానే మనకి ఆ నిండుదనం ఇవ్వాలి. నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంట్‌లో అది ఉంది. నోటో సాన్స్‌లో దాదాపు ఒకే మందం. రెండింటిలోనూ "లక్ష్మీ" అని కొట్టి పెద్దది చేసి చూడండి. క్ష కింద మ ఒత్తు ఎంత చిన్నదో, దాని వంపులో గీత ఎంత సన్నబడుతుందో తెలుస్తుంది. పై అక్షరంలో నిలబడే సన్నదనం ఒత్తులో నిలబడదు. తిరుపతిలో శ్రీలూ లక్ష్మీలూ లేని బోర్డు ఎక్కడుంది? అందుకే బోర్డు గీసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో మొదట ఒత్తునే కొలుస్తాను.

ఇంకో మాట. మన ఊళ్లో బోర్డు మీద తెలుగు, ఇంగ్లీషు, తమిళం మూడూ ఉంటాయి. ఇంగ్లీషు ఒక్కటీ లావు-సన్నంగా ఉండి తెలుగు ఒకే మందంలో ఉంటే, రెండు షాపుల బోర్డులు అతికించినట్టు ఉంటుంది.

చెల్లెలికి చివరికి ఇలా చేశాం. పైన పెద్దగా తెలుగు పేరు నోటో సెరిఫ్ బోల్డ్‌లో, కింద ఇంగ్లీషు ఆప్టిమాలో, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచి. ఆప్టిమా కొనాల్సిన ఫాంట్. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే బెల్లెజా ఈ కోవలోదే గానీ, దానికి బోల్డ్ లేదు. తమిళం వరస, ఫోన్ నంబరు, అడ్రసు మామూలు ఒకే మందం అక్షరాల్లోనే ఉంచాం. చిన్న సైజులో ఆ సన్న గీతలకి పనే లేదు. లోపల ఎల్‌ఈడీ మానేసి, ఇత్తడి రంగు అక్షరాల మీదికి పైనుంచి రెండు ఫోకస్ లైట్లు పెట్టాం.

బిగించిన రాత్రి రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర నిలబడి ఇద్దరం చూశాం. ఆ వైపు పోతున్న బస్సు కిటికీలోంచి ఒక పెద్దావిడ పేరు పైకే చదివింది, ఒత్తుతో సహా.