బ్రెయిన్‌వెబ్: జవాబు ముందే తెలిసిన మెదడు స్కాన్

ఎమ్మారై చిత్రంలో మెదడులోని ధూసర పదార్థం (నాడీకణాలుండే భాగం) ఎక్కడ ముగిసి శ్వేత పదార్థం (వాటిని కలిపే తంతువుల భాగం) ఎక్కడ మొదలవుతుందో గీయమంటే, ఇద్దరు నిపుణుల గీతలు ఒక్కలా రావు. అలాంటప్పుడు కొత్తగా రాసిన ప్రోగ్రాం గీసిన గీతను దేనితో సరిచూడాలి? మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయ నాడీశాస్త్ర సంస్థ వారు ఉచితంగా అందించే బ్రెయిన్‌వెబ్, అంటే కంప్యూటర్‌తో తయారైన మెదడు ఎమ్మారై చిత్రాల వెబ్‌సైటు, ఈ చిక్కును అవతలి కొసనుంచి విప్పింది: ముందు జవాబును సిద్ధం చేసి, దాని నుంచి ప్రశ్నను పుట్టిస్తుంది.

ఒకే మనిషి తలను 27 సార్లు స్కాన్ చేసి, ఆ చిత్రాల సగటు నుంచి, ఒక్కొక్క ఘన మిల్లీమీటరులో ఏ కణజాలం ఎంత పాలు ఉందో గుర్తించిన నమూనా దీనికి ఆధారం. ఆ నమూనా మీద స్కానర్ పనితీరును లెక్కగట్టి టీ1, టీ2, ప్రోటాన్ డెన్సిటీ అనే మూడు రకాల ఎమ్మారై చిత్రాలను తయారుచేస్తారు. స్లైస్ (తలను అడ్డంగా కోసినట్టు చూపే ఒక్కో పొర) మందాన్ని 1 నుంచి 9 మిల్లీమీటర్ల వరకు, నాయిస్‌ను (చిత్రంలో ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలను) 0 నుంచి 9 శాతం వరకు, వెలుగులోని హెచ్చుతగ్గులను 0, 20, 40 శాతాలుగా ఎంచుకోవచ్చు. నాయిస్ ఏమీ లేని చిత్రం పక్కన 9 శాతం చిత్రాన్ని పెట్టి చూస్తే, మొదటే పలచగా ఉన్న థాలమస్ (మెదడు నడిమధ్య ఉండే ధూసర భాగం) అంచు ఇసుకలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. కణజాలాల హద్దులు గీయడానికి నేను రాసిన ప్రోగ్రాం తడబడిందీ సరిగ్గా అక్కడే.

మొదటిసారి రా ఫైలు (కొలతల వివరాలు లేకుండా బిందువుల విలువలు మాత్రమే ఉన్న ఫైలు) తెరిచినప్పుడు తల ఏటవాలుగా సాగి చారలుచారలుగా కనిపించింది. తప్పు నాదే: 181, 217, 181 అనే కొలతల వరుసను తారుమారు చేశాను. 1 మిల్లీమీటరు స్లైస్ మందంతో, ఒక్కో బిందువుకు ఒక్క బైటు చొప్పున దించుకున్న ఫైలు, విప్పాక, సరిగ్గా 71,09,137 బైట్లు ఉండాలి. ముందుగా అది చూసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

అయితే ఈ తల కదలదు, వయసు మీరదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడులోని నాడీతంతువుల తొడుగు దెబ్బతినే జబ్బు) నమూనాలు కూడా స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడే. తరువాత చేర్చిన 20 మంది నమూనాలు కొంత లోటు తీర్చినా, వాటిలో ఉన్నవి ఆరోగ్యవంతుల తలలే. కనుక పద్ధతి ఎక్కడ చెడుతోందో కనిపెట్టడానికి దీన్ని నిస్సంకోచంగా వాడతాను; దీని మీద వచ్చిన మార్కులను చూపించి, రోగులకు పనికొస్తుందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. దించుకునేటప్పుడు ఒక్కో కణజాలం పాలు తెలిపే ఫైళ్లను కూడా తీసుకోండి, ఎందుకంటే ఒక బిందువును ఒకే కణజాలానికి కట్టబెట్టే ఫైలుతో మాత్రమే పోలిస్తే అంచుల దగ్గర మీ ప్రోగ్రాంకు అన్యాయం జరుగుతుంది.